సమీర కూతురు

మా ఆడపడుచు సమీరకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. హౌరా పక్కన లిలువాలో పుట్టి, హిందీ బడిలో చదివి, బెంగాలీ పిల్లలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. తన సంగతి రాస్తానని అడిగితే, "రాసుకో ఒదినా. నాకు మాత్రం చదివి వినిపించకు" అంది. ఆ మాట మీదే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పదహారేళ్ల క్రితం టెక్కలి దగ్గర మా ఊరి నుంచి లిలువాకి కాపురానికి వచ్చాను. అప్పటికే అత్తగారు లేరు. ఇంట్లో మామగారు నరసింహం, మా ఆయన హరిచరణ్, పదిహేనేళ్ల సమీర. వచ్చిన మర్నాడే ఆ పిల్ల దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి, నా ముందు వీపు తిప్పి కూర్చుంది. అమ్మ పోయాక రెండేళ్లుగా తన జడ తానే వంకరటింకరగా వేసుకుంటోందట. నాకు ఇద్దరు కూతుళ్లు పుట్టారు గానీ, నేను మొదట జడ వేసింది సమీరకే.

మామగారు రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. ఇంకా నాలుగేళ్ల సర్వీసుండగా గుండెపోటుతో పోయారు. మా ఆయనకి అప్పటికే పోస్టాఫీసులో ఉద్యోగం ఉంది కాబట్టి మామగారి ఉద్యోగం సమీరకి వచ్చింది. రైలు పెట్టెల్లో బెర్తులకి తొడిగే నీలం రెక్సిన్ తొడుగులు కుట్టే విభాగంలో వేశారు. ఇరవై ఏళ్ల పిల్ల, పెద్ద పెద్ద మిషన్ల మీద మందపాటి రెక్సిన్ కుట్టడం ఆరు నెలల్లో నేర్చేసుకుంది. తనతో రైలెక్కితే నవ్వొచ్చేది. కూర్చోకముందే వంగి బెర్తు అంచు తిప్పి చూసేది. "ఇది మనోళ్లు కుట్టింది కాదు, ఏటీ కుట్టు, కుక్క కరిచినట్టు" అనేది.

పాతికేళ్లకి పెళ్లయింది. పెళ్లికొడుకు బైరాగి, వరసకి బావే, షాలిమార్ గూడ్స్ యార్డులో వ్యాగన్లు కలిపే పని. మాట తక్కువ మనిషి. అతని తల్లి జగ్గమ్మ మాత్రం టికియాపారా రైల్వే క్వార్టర్ల లైన్లో అందరికీ తెలిసిన నోరు. క్వార్టరు ముందు పొయ్యి పెట్టి, పొద్దుటే డ్యూటీకి వెళ్లేవాళ్లకి ఇడ్లీలు అమ్మేది. ఆ నోటికి భయపడి సమీర మొదటి రోజుల్లో వారానికోసారి మా ఇంటికి పారిపోయి వచ్చేది.

పెళ్లయిన రెండో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని దొండకాయల్లాంటి పొటోల్ కాయలు గీస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"ఒదినా, ఒక మాటడుగుతాను, నవ్వకు. బావ నా దగ్గరికొచ్చిన ప్రతిసారీ రక్తం కనిపిస్తంది. అందరికీ అంతేనా?"

కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది. "ఎప్పట్నించి?"

"దుర్గాపూజ ముందు నుంచి. లైన్లో డాక్టరమ్మకి చెప్పాను. పుండు పడిందంది, మాత్రలిచ్చింది. మూడుసార్లు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తంది."

"లోపల చూసిందా?"

"లేదు. అడిగి రాసిచ్చింది."

దుర్గాపూజ నుంచి అంటే ఏడు నెలలు.  ఆ వారమే సెలవు పెట్టించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు చూసిన వెంటనే మొహం మారింది. ఒక చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. పది రోజులకి వచ్చిన కాగితం పట్టుకుని కలకత్తాలో క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లమన్నారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్. సమీరకి ఇరవై ఏడేళ్లు.

అక్కడ మమ్మల్ని చూసిన డాక్టరు పేరు శర్మిష్ఠ. యాభై ఏళ్లుంటాయి. సమీర ఆమెని మొదటి రోజు నుంచే 'డాక్టర్ దీదీ' అంది. స్కానులన్నీ అయ్యాక దీదీ మమ్మల్ని నలుగురినీ కూర్చోబెట్టింది. సమీర, బైరాగి, జగ్గమ్మ, నేను. ఆమె బెంగాలీలో చెబుతుంటే జగ్గమ్మకి అర్థం కాని చోట సమీరే తెలుగులో చెప్పింది. తన జబ్బు గురించి తానే అత్తకి చెప్పడం చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. తను మాత్రం ఏడవలేదు. ఒకటే అడిగింది.

"నాకు పిల్లలు పుడతారా దీదీ?"

"ముందు నువ్వు బతకాలి. అది మొదటి మాట" అంది డాక్టరు. "రెండో మాట కూడా మాట్లాడుకుందాం. నీ విషయంలో మాట్లాడుకునే వీలుంది."

కాగితం మీద బోర్లించిన సీసాలాంటి బొమ్మ గీసింది. పైన గర్భసంచి, కింద సన్నటి మెడ. జబ్బు ఆ మెడలో ఉంది, పెసర గింజంత మొదలై ఇప్పుడు ఒకటిన్నర సెంటీమీటర్లయింది, పైకి పాకలేదు. మామూలుగా చేసేది మొత్తం గర్భసంచి తీసేయడం. అండాశయాలు ఉంచుతారు. ఆ తర్వాత తన అండంతో వేరొకరి కడుపులో బిడ్డను పెంచే దారి ఉంటుంది గానీ అది చాలా పొడుగు దారి. రెండోది, గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉన్న చిన్న వయసు వాళ్లకే చేసేది: ఆ మెడ భాగాన్నీ, దాని చుట్టూ ఉన్న కండనీ మాత్రమే కోసి తీసి, గర్భసంచిని ఉంచడం. కింద ద్వారం తెరుచుకోకుండా శాశ్వతంగా ఒక కుట్టు వేస్తారు.

"ఏం దారంతో కుడతారు? నైలానా?" అని అడిగింది సమీర.

దీదీకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియదు. "అలాంటిదే. కరగదు, తెగదు" అంది. తర్వాత గొంతు తగ్గించి మిగతాదీ చెప్పింది. ఆపరేషను మొదట్లోనే పొత్తికడుపులో గ్రంథులు తీసి అక్కడికక్కడే పరీక్ష చేస్తారు. వాటిలో జబ్బు కనిపిస్తే ఈ దారి మూసుకున్నట్టే, రేడియేషను ఇవ్వాలి, ఇస్తే గర్భసంచి ఇక పనికిరాదు. కనిపించకపోతే ముందుకెళ్తారు. జబ్బు మళ్లీ వచ్చే అవకాశం మొత్తం తీసేసినప్పుడు ఎంతో, ఇంత చిన్న గడ్డకి దీనిలోనూ దాదాపు అంతే. కానీ కడుపు నిలవడం తేలిక కాదు. నిలిచినా అయిదో నెల, ఆరో నెలల్లో పోయేవి ఉంటాయి, నెలలు నిండకుండా పుట్టేవి ఉంటాయి. "పుడుతుందని నేను మాటివ్వను. వీలు మాత్రం మిగులుస్తాను" అంది.

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. ముందు మాట్లాడింది జగ్గమ్మ. కోడల్ని ఇంట్లోంచి గెంటేస్తుందేమో అన్నంత భయంతో చూస్తున్నాను ఆమె వైపు.

"తీయించీ" అంది జగ్గమ్మ. "సంచీ గించీ ఏటీ ఒద్దు. మొత్తం తీయించీ. నాకు కోడలు పిల్ల కావాల. మనవలు నేకపోతే నేకపోనీ, లైన్లో ఇంతమంది పిల్లలున్నారు."

"నాకు కావాల అత్తా" అంది సమీర.

"ఏటి కావాల? బతుకు కావాలా, పిల్లలు కావాలా?"

"రెండూ కావాల. ఉండే వీలుందని దీదీ చెప్పింది కదా."

బైరాగి నేల చూస్తున్నాడు. "బావా, నువ్వేటంటావు?" అని అడిగితే, "నువ్వెలగంటే అలగే" అన్నాడు.

అప్పుడు సమీర నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు ఒదినా."

ఇంట్లో నా కోసం ఇద్దరు పిల్లలు ఎదురు చూస్తున్నారు. అలాంటి నేను ఆ పిల్లతో తీయించుకోమని ఎలా అంటాను? "ఉంచుకో సమీరా" అన్నాను. జగ్గమ్మ నాతో ఇంటికెళ్లేదాకా మాట్లాడలేదు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్ని రోజులు నన్ను నేను తిట్టుకున్నానో.

ఆపరేషను పొద్దున ఎనిమిదింటికి మొదలైంది. పదిన్నరకి ఒక నర్సు బయటికి వచ్చి, గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని, మిగతాది చేస్తున్నారని చెప్పి వెళ్లింది. బైరాగి లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. జగ్గమ్మ వెళ్లి కొడుకు వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. తర్వాత వచ్చిన పూర్తి రిపోర్టు కూడా బాగానే ఉంది. అంచుల్లో జబ్బు లేదు. రేడియేషను అక్కర్లేదన్నారు.

రెండు వారాలపాటు మూత్రం సంచి తగిలించుకుని తిరిగింది. దాన్ని చున్నీ కింద దాచుకుని, "చూడు ఒదినా, ఆఫీసరమ్మలా హ్యాండ్‌బ్యాగ్" అనేది. మూడు నెలలకి మళ్లీ మిషను ముందు కూర్చుంది. మూడు నెలలకోసారి పరీక్షలు. పరీక్ష ముందు రెండు రోజులూ అన్నం తినేది కాదు. బాగుందని తెలిసిన రోజు తిరిగి వస్తూ హౌరా స్టేషను బయట ఉడికించిన బఠాణీల గుగ్నీ కొనిపించుకుని రోడ్డు మీదే నిలబడి తినేది.

ఏడాది ఆగమంది దీదీ. ఆగింది. ఆ తర్వాత నెలనెలా ఆశపడటం, నెలనెలా అది పోవటం. నాలుగు నెలలు అలా గడిచాయి. తర్వాత పూజ సెలవులు అయిపోయిన వారం, మధ్యాహ్నం భోజనాల వేళ, వర్క్‌షాపు నుంచి నాకు ఫోను చేసింది. వెనక మిషన్ల చప్పుడు. అరిచి చెబుతోంది.

"ఒదినా! నిలిచింది ఒదినా!"

ఆ తర్వాతి నాలుగు నెలలు జగ్గమ్మ నోరు మూతపడింది. తిట్టడం మానేసింది. పొయ్యి పొగ కోడలికి తగులుతుందని ఇడ్లీల పొయ్యి లైను చివరికి మార్చింది. నీళ్ల బకెట్టు ముట్టుకోనిచ్చేది కాదు. ఎవరైనా బెంగాలీ ఆడవాళ్లు వచ్చి కడుపు చూసి ఏదైనా అంటే దిష్టి తగులుతుందని వాళ్లు వెళ్లాక ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది. దీదీ సమీరని పనిలోకి వద్దంది, మంచం మీదే ఎక్కువ ఉండమంది. రెండు వారాలకోసారి స్కాను. ఇరవయ్యో వారం స్కానులో అంతా బాగుంది. పిల్ల కదులుతోందని నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. నాకు తెలిసింది, గోరుతో లోపలి నుంచి గీరినట్టు.

ఇరవై రెండో వారంలో, ఒక బుధవారం పొద్దున, స్నానం చేసి వచ్చి చీర కట్టుకుంటుండగా నీళ్లు కారాయి. మొదట స్నానం తడి అనుకుందట. ఆగకపోయేసరికి జగ్గమ్మని పిలిచింది. నేను ఆసుపత్రికి చేరేసరికి మంచం మీద కదలకుండా పడుకుని ఉంది, కాళ్లకింద దిళ్లు పెట్టి. ఉమ్మనీరు పోయింది. కుట్టు గట్టిగానే ఉంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది.

రెండు రోజులు చూశారు. యాంటీబయాటిక్స్ ఎక్కించారు. సమీర మాటలు తగ్గించేసింది, గట్టిగా మాట్లాడితే ఉన్న నీళ్లు కూడా పోతాయేమోనని. శుక్రవారం మధ్యాహ్నం జ్వరం వచ్చింది. వణుకుతో మంచం కదిలింది. దీదీ వచ్చి ఆమె తలవైపు కూర్చుంది.

"సమీరా, లోపల ఇన్ఫెక్షన్ మొదలైంది. బిడ్డని ఇప్పుడు బయటికి తీయాలి."

"ఇప్పుడు తీస్తే బతుకుతుందా?"

"బతకదమ్మా. మరీ చిన్నది. ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదు."

"గుండె కొట్టుకుంటంది కదా."

"కొట్టుకుంటోంది."

"మరి ఆగుదాం దీదీ. రెండు వారాలు. ఒక్క వారం."

"ఆగితే నువ్వు పోతావు. నువ్వు పోతే అదీ పోతుంది. నీకు అబద్ధం చెప్పలేను."

సంతకం కోసం కాగితం బైరాగి చేతికిచ్చారు. పెన్ను పట్టుకున్నాడు గానీ రాయలేకపోయాడు.  "నావల్ల కాదక్కా" అని నా వైపు చాచాడు. సమీర చూసింది. "ఇటివ్వు" అంది. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. పడుకునే ఉండి, తన పేరు హిందీ అక్షరాల్లో నిదానంగా రాసింది. రాశాక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. ఆపరేషను గదిలోకి తీసుకెళ్లేదాకా తీయలేదు.

కుట్టు చెడకుండా చిన్న సిజేరియను చేశారు. నడుముకి మత్తు ఇవ్వటంతో సమీర మెలకువగానే ఉంది. ఆడపిల్ల. నాలుగు వందల అరవై గ్రాములు. పుట్టినప్పుడు ప్రాణం ఉంది. ఏ గొట్టాలూ పెట్టవద్దని ముందే అనుకున్నారు, పెట్టినా ప్రయోజనం లేదు. నర్సు మెత్తటి గుడ్డలో చుట్టి సమీర ఛాతీ మీద పడుకోబెట్టింది. ఇరవై నిమిషాలు బతికింది. ఆ గదిలోకి మమ్మల్ని రానివ్వరు కాబట్టి నేను చూడలేదు. తర్వాత సమీరే చెప్పింది, చర్మం మరీ పల్చగా ఉందని, వేలు పెడితే చేతి వేళ్లు ముడిచిందని, ఏడవలేదని.

పోయాక జగ్గమ్మకి అప్పగించారు. ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తన నేతచీర కొంగు పళ్లతో కొరికి చించింది. గోరువెచ్చటి నీళ్లు అడిగి, దూదితో తుడిచి, ఆ గుడ్డలో చుట్టి, వరండాలో కిటికీ వెలుతురులో కూర్చుంది.

"సూడే లచ్చిమీ" అని పిలిచింది నన్ను. "ముక్కు సూడు. అచ్చం అమ్మ ముక్కే."

నేను చూశాను. నిజంగానే సమీర ముక్కు.

ఆ సాయంత్రమే మా ఆయన, బైరాగి తీసుకెళ్లి నేలలో పెట్టి వచ్చారు. పేరు పెట్టలేదు. పెట్టాలని ఎవరికీ తోచలేదు, తోచినా నోరు రాలేదు.

మూడో రోజు సమీరకి పాలు వచ్చాయి. అది ఎవరూ అనుకోలేదు. అంత చిన్న బిడ్డ పుట్టినా పాలు వస్తాయని నాకూ తెలియదు. జాకెట్టు తడిసిపోతే ఏమిటో అర్థం కాక నా వైపు చూసింది, అర్థమయ్యాక నోరు తెరిచి ఏడ్చింది. ఇన్నేళ్లలో, మామగారు పోయినప్పుడు కూడా, ఆ పిల్ల అలా ఏడవడం నేను చూడలేదు.  జగ్గమ్మ గుడ్డ తెచ్చి ఛాతీకి బిగించి కట్టింది. కడుతూ ఉంటే సమీర ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు అప్పుడే చెప్పినావు అత్తా. మొత్తం తీయించీమని. నేను వినలేదు. ఎంత పని చేసినాను."

"ఎవులు సెప్పినారే?" అంది జగ్గమ్మ. "నానేటీ సెప్పనేదు."

"చెప్పినావు. చెట్టు కింద."

"నాను సెప్పనేదంటే సెప్పనేదు. నీకు జొరంలో ఏటో తోస్తంది. ఊరుకో." గుడ్డ ముడి వేసి, కోడలి తల తన పొట్టకి ఆనించుకుంది. "నువ్వు ఉంచబట్టే కదేటి దాని మొకం సూసినాను. ఊరుకో అమ్మీ."

నేను పక్కనే ఉన్నాను. ఉంచుకోమన్నది నేను. నీ తప్పు కాదని నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. మళ్లీ ప్రయత్నించవచ్చని దీదీ చెప్పింది. ఇంకో పద్ధతిలో పొట్ట వైపు నుంచి మరో కుట్టు అదనంగా వేయవచ్చంది. సమీర ఏడాది ఆలోచించింది. బైరాగి మొదటిసారి తన మాట తాను చెప్పాడు. మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నాకు మరొద్దక్కా. ఆ కాగితం మళ్లీ నా సేతికిస్తే నాను సచ్చిపోతాను" అన్నాడు. వేరొకరి కడుపులో బిడ్డని పెంచే దారి గురించి కూడా దీదీ ఓపిగ్గా చెప్పింది. సమీర అంతా విని, ఆలోచిస్తానంది. మళ్లీ అడగలేదు. చివరికి ఒకరోజు, "చాల్లే ఒదినా" అంది. అంతే. 

మా పెద్దమ్మాయి మహితకి ఈ జబ్బు రాకుండా టీకా వేయించింది తనే. నేను వాయిదా వేస్తుంటే ఒకరోజు సెలవు పెట్టి వచ్చి, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లి వేయించి, రెండో డోసు తారీఖు గోడ క్యాలెండరు మీద రాసిపెట్టి పోయింది. నన్ను కూడా పరీక్షకి పంపింది. వెళ్లేదాకా ఊరుకోలేదు.

జగ్గమ్మ, సమీర ఇప్పటికీ పోట్లాడుకుంటారు, ఉప్పు ఎక్కువైందని, బట్టలు ఎండలో వేయలేదని. పొయ్యి మళ్లీ గుమ్మం ముందుకు వచ్చింది. ఒక్కో రోజు సమీర ఉంచుకుని మంచి పని చేశానంటుంది. ఒక్కో రోజు, ఉంచుకోకపోతే ఇంత బాధ ఉండేది కాదు కదా ఒదినా అంటుంది. రెండూ నిజంగానే అంటుంది. నేను రెంటికీ తల ఊపుతాను.

మొన్న ఫాల్గుణంలో ఆరు నెలల పరీక్ష ఉంటే నేనే తోడు వెళ్లాను. ఆపరేషను జరిగి నాలుగేళ్లు కావస్తోంది, జబ్బు జాడ లేదు. దీదీ తన భుజం తట్టి పంపించింది. తిరుగు దారిలో బస్సు రద్దీ పడలేక బాబూఘాట్ దగ్గర లాంచీ ఎక్కి హౌరా వైపు వస్తున్నాం. మా ఎదురు బల్ల మీద ఒక బెంగాలీ ఆవిడ, ఒళ్లో రెండేళ్ల పిల్ల. ఆ పిల్ల సమీర గాజులు పట్టుకుని లాగుతుంటే సమీర చెయ్యి ఇచ్చి ఆడనిచ్చింది. ఆవిడ నవ్వి, మాట కలిపి, మీకు పిల్లలెంతమంది అని బెంగాలీలో అడిగింది.

ఈ ప్రశ్న ఎవరు ఎక్కడ అడిగినా సమీరకంటే ముందు నేనే అందుకుని ఏదో ఒకటి చెప్పి మాట మార్చేస్తాను. ఈసారి నాకు ఆ సందు ఇవ్వలేదు.

"ఏక్‌టా మేయే" అంది. ఒక్కతే కూతురు అని.

"ఎంత వయసు?"

"ఈ నెలకి రెండేళ్లు నిండాయి."

"అయితే మా పిల్ల ఈడే" అంది ఆవిడ సంతోషంగా. "బడికి ఎప్పుడు పంపుతారు?"

 సమీర పిల్ల చేతిలోంచి గాజులు నెమ్మదిగా విడిపించుకుంది. లాంచీ ఘాట్‌కి ఆనుకుంది, జనం లేచి తోసుకుంటున్నారు. నేను తన సంచి అందుకోబోతే, "నేను పట్టుకుంటాలే ఒదినా, నువ్వు జాగర్తగా దిగు" అని నా చెయ్యి పట్టుకుని దింపింది.